జిల్లేడు గట్టున నాలుగు రోజులు

కొల్లేరు వెళ్ళొచ్చానని చెబితే మా వీధిలో అందరూ ముందు అడిగింది, "పక్షులు బాగున్నాయా?" అని. ఉన్నాయి. నేను వాటికి వీపు పెట్టి నిలబడి, నాలుగు రోజులూ జిల్లేడు చెట్లు చూసి వచ్చాను. ఈ మాట విన్నాక రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు. ఆ వేయని ప్రశ్నకి జవాబుగా ఇది రాస్తున్నాను.

మాది అనంతపురం. మా ఊళ్ళో జిల్లేడుకి నీళ్ళు పోయక్కర్లేదు, విత్తనం వేయక్కర్లేదు, వద్దన్నా వస్తుంది. అలాంటి ఊరి నుంచి రైలెక్కి, ఒక రాత్రంతా ప్రయాణం చేసి, జిల్లేడు చూడ్డానికి గోదావరి జిల్లాకి వెళ్ళడమేమిటని రైల్లో ఎదురు సీటాయన అడిగారు. చుట్టాలింటికి వెళ్తున్నానని అబద్ధం చెప్పాను.

పూర్తి అబద్ధమూ కాదు. షాహీన్ అనే అమ్మాయి మా మేడమీది గదిలో రెండేళ్ళు అద్దెకుండి ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. సొంత ఊరు ఏలూరు. ఇప్పుడు సీతాకోకచిలుకల మీద పరిశోధన చేస్తోంది. కార్తీక మాసం చివర్లో ఫోన్ చేసింది.

"ఆంటీ, నా పక్కన ఉండి లెక్క రాసే అమ్మాయికి పెళ్ళి కుదిరింది. నాలుగు రోజులకి మనిషి కావాలి. మీ చేతిరాత గుర్తొచ్చింది."

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఎవరికైనా నా చేతిరాత గుర్తుండటం సంతోషమే. బయల్దేరాను.

ఏలూరు

స్టేషన్ నుంచి ఆటోలో వెళ్తుంటే ఒక మనిషి ఫోన్ చూసుకుంటూ సరిగ్గా చక్రం ముందుకి వచ్చాడు. డ్రైవరు బ్రేకు తొక్కి, "ఏవండీ, చూసుకోవాలి కదండీ" అన్నాడు. ఆ మనిషి "సారీ అండి" అన్నాడు. అంతే. మా వైపయితే అసలు విషయానికి వచ్చేలోపు ఆ మనిషి తాతముత్తాతలంతా ఒకసారి తిట్లు తినేవారు.

షాహీన్ వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. ముందుగదిలో సగం మగ్గమే. వాళ్ళ నాన్న కరీముల్లా గారు నిలువుదారాల ముందు కూర్చుని ఉన్ని ముడులు వేస్తూనే నన్ను పలకరించారు.

"మా తాతగారు ముడులు లెక్కపెట్టారండి, మా నాన్నగారు లెక్కపెట్టారు, నేనూ అదే చేస్తున్నానండి. ఇది రెక్కలు లెక్కపెడుతోంది. లెక్క మాత్రం మమ్మల్ని వదల్లేదండి."

ఆ మధ్యాహ్నం పలావు, దాల్చా తింటూ షాహీన్ తన పని ఏమిటో చెప్పింది. అమెరికాలో మోనార్క్ అని ఒక సీతాకోకచిలుక ఉందట. చలి మొదలవగానే వేల మైళ్ళు ఎగిరి మెక్సికో కొండల్లో చెట్లకి గుత్తులుగా వేలాడుతుంది. దాని పురుగు పాలుకారే ఒక రకం మొక్కల ఆకులు తప్ప వేరేది ముట్టదు. ఆ మొక్కలు పొలాల గట్ల మీంచి పోతున్న కొద్దీ మోనార్క్ కూడా తగ్గుతూ వచ్చింది. అక్కడ బడిపిల్లలూ ముసలివాళ్ళూ కూడా దాని రెక్కకి చిన్న కాగితపు ముక్క అంటించి వదులుతారు. మరోచోట ఎవరికైనా దొరికితే అది ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

"మన దగ్గర ఉన్నది దానికి దాయాది ఆంటీ. నారింజ రంగు రెక్క, కొసన నలుపు, నలుపులో తెల్ల పట్టీ. మీ పెరట్లో రోజూ తిరిగేది. దీని పురుగు తినేది జిల్లేడు."

"దాన్నీ అంతమంది చూస్తారా?"

"నేను చూస్తున్నాను."

ఆమె తెలుసుకోవాలనుకున్నది చిన్న సంగతి. కొల్లేరు గట్ల మీద పుట్టే సీతాకోకచిలుకలూ, తాడేపల్లిగూడెం మెరకల్లో తిరిగేవీ ఒకే మందా, వేరువేరా? ఒకచోట జిల్లేడు పోతే రెండోచోటు నుంచి వచ్చి నింపుతాయా? ఇందుకోసం కొల్లేరులో ఒక చేపల చెరువు గట్టు మీద నలభై జిల్లేడు మొక్కలకి రేకు బిళ్ళలు కట్టి, నంబర్లు వేసి, మూడేళ్ళుగా వాటి మీది ప్రతి గుడ్డూ ప్రతి పురుగూ రాసుకుంటోంది. ఈ కార్తీకంతో మూడో ఏడు పూర్తి.

సాయంత్రం ఇంటి వెనక ఖాళీ స్థలంలో రెక్క మీద నంబరు వేయడం నేర్పింది. వలలో పడ్డదాన్ని ముందు రెక్కల అంచు దగ్గర రెండు వేళ్ళతో మెత్తగా పట్టుకోవాలి, నొక్కకూడదు, రుద్దకూడదు. వెనక రెక్క అడుగున సన్నటి మార్కరుతో రాయాలి. నేను మెత్తగానే పట్టుకున్నాను. అది వెళ్ళిపోయింది. పదిహేడో నంబరు నా బొటనవేలి మీద పడింది. మార్కరు మంచి కంపెనీది, మూడు రోజులు పోలేదు.

పెదపాడు దాటాక

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని బయల్దేరాం. పెదపాడు దగ్గర పెసరట్టు ఉప్మా తిన్నాం. మా వైపు ఉగ్గాని తిని పెరిగిన నాకు, ఒక టిఫిన్‌ని ఇంకో టిఫిన్‌లో చుట్టి పెట్టడం కొంచెం దుబారాగా తోచింది. యాభై రూపాయలు. రెండోది కూడా తిన్నాను.

ఆటో అతను మేం ఎక్కడికని అడిగి, జవాబు విని, చాలాసేపు రోడ్డు చూశాడు.

"జిల్లేడు పాలు కంట్లో పడితే చూపు పోతుందండి."

"తెలుసండి, జాగ్రత్తగా ఉంటాం," అంది షాహీన్.

"మరి ఆ పురుగు అదే తింటుందాండి? దానికేం అవదాండి?"

"ఆ విషం ఒంట్లో దాచుకుంటుందండి. దాన్ని తిన్న పిట్ట కక్కుకుంటుంది, మళ్ళీ ముట్టుకోదు."

అతను కాసేపు ఆలోచించి, "మా బావమరిది కూడా అంతేనండి" అన్నాడు.

రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. ఏది చెరువో, ఏది కాలువో, ఏది సరస్సో నాకు అర్థం కాలేదు. మా ఊళ్ళో ఇన్ని నీళ్ళు కనిపిస్తే ఎమ్మెల్యేని పిలిచి హారతి ఇప్పిస్తారు. ఇక్కడ వాటి పక్కనే కూర్చుని జనం తాగడానికి నీళ్ళ క్యాన్లు కొనుక్కుంటున్నారు.

గట్టు

చెరువు ఆసామి సూర్యనారాయణ గారు గట్టు మొదట్లో మా కోసం నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. అరవై ఏళ్ళు ఉంటాయేమో. మూడేళ్ళుగా షాహీన్‌ని తన గట్టు మీద తిరగనిచ్చిన మనిషి.

"రండి టీచర్ గారండీ, ప్రయాణం బాగా జరిగిందాండి?"

షాహీన్ ఆయన్ని దాటి గట్టు వైపు చూస్తోంది. నేనూ చూశాను. గట్టు శుభ్రంగా ఉంది. పెళ్ళికి చేసిన వాకిలిలా ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క మొక్క లేదు. చీపురు ఈనెల చారలు కూడా కనిపిస్తున్నాయి.

"అమ్మాయి గారు ఫోన్‌లో చెప్పారండి, అనంతపురం నుంచి పెద్దావిడ వస్తున్నారని," అన్నారు సూర్యనారాయణ గారు. "ఇక్కడ పాములండి. మీరు అలవాటు లేనివారు. నిన్న నలుగురు ఆడవాళ్ళని పెట్టి మొత్తం కొట్టించేశానండి. మా తమ్ముడి గట్టు కూడా చేయించానండి, మీరు అటు వెళ్తారేమోనని."

ఆయన జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి షాహీన్ చేతికిచ్చారు.

"మీ బిళ్ళలండి. ఒక్కటి పోలేదు. నలభై. కడిగించానండి."

షాహీన్ కవరు తీసుకుంది. "చాలా శ్రమ పడ్డారండి," అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. తర్వాత గట్టు మీద, ఆ చీపురు చారల మీద, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

నేను రాకపోతే ఆ గట్టు అలాగే ఉండేది. ఇది నాకు అక్కడ నిలబడి ఉండగానే తెలిసింది. నా కోసం, నాకు పాము కుట్టకుండా ఉండటం కోసం, ఆ అమ్మాయి మూడేళ్ళ పని కొట్టేశారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నా వల్ల ఎవరి పరీక్షా పోలేదు. రిటైరయ్యాక పోయింది.

సూర్యనారాయణ గారికి ఏదో తప్పు జరిగిందని మాత్రం అర్థమైంది. చెప్పులు విడిచి ఆమెకి కొంచెం దూరంలో కూర్చున్నారు.

"అసలు ఆ నంబర్లు ఎందుకండీ? మూడేళ్ళ నుంచి అడుగుదామనే అనుకుంటున్నానండి. ఏమనుకుంటారో అని ఊరుకున్నాను."

ఆమె చెప్పింది. పట్టుకున్న వాటికి గుర్తు పెట్టి వదలడం, మళ్ళీ పట్టినప్పుడు గుర్తున్నవి ఎన్నో లేనివి ఎన్నో చూడటం, దాన్ని బట్టి మొత్తం మంద ఎంతో అంచనా వేయడం. ఏ మొక్క మీద ఎన్ని గుడ్లు, అందులో ఎన్ని రెక్కల దాకా వచ్చాయి అన్నది.

ఆయన వింటూ వింటూ తలూపడం ఆపేశారు.

"మేం చేపలకి చేసేదే కదండీ. ఒక వల వేసి చూసి, చెరువులో ఎంత ఉందో చెప్తాం."

"దాదాపు అంతేనండి."

"అయితే లెక్క మధ్యలో ఉండగా నేను చెరువు ఎండగట్టేశానాండి?"

షాహీన్ బిళ్ళల కవరు ఒళ్ళో పెట్టుకుంది. "అవునండి," అంది. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. ఆయనకీ కలిగిందనుకుంటాను. లేచి నిలబడ్డారు.

కుప్ప

"కోసినవి ఎక్కడ వేశారండి?" అని అడిగింది షాహీన్.

చెరువు మూల వేశారు. ఎండితే తగలబెడదామని. ఇంకా ఎండలేదు. నిన్న కోసినవి, ఆకులు వాడాయిగానీ చావలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒక కొమ్మ తిప్పింది. ఆకు అడుగున ఒక పురుగు. నలుపు, తెలుపు, పసుపు చారలు, ముందూ మధ్యా వెనకా జంటకొమ్ములు. వాడిన ఆకునే తింటూ ఉంది, దానికి ఇంకో దారి తెలియదు.

నేను ముప్ఫై ఏళ్ళు బోర్డు మీద ఈ బొమ్మ గీశాను. దానికి ఆరు కొమ్ములుంటాయని ఆ రోజు తెలిసింది.

అందరం కూర్చున్నాం. సూర్యనారాయణ గారు ఇస్త్రీ చొక్కాతోనే కూర్చున్నారు. ఆయన భార్య మంగతాయారు గారు వచ్చారు. నిన్న మొక్కలు కొట్టిన నలుగురు ఆడవాళ్ళని కబురుపెట్టి పిలిపించారు. వాళ్ళు నిన్న కోసినదాన్ని ఇవాళ ఆకు ఆకు విప్పి చూడటానికి కూలి ఇస్తారా అని అడిగి, ఇస్తారని తెలుసుకుని, ఇంకేమీ అడగలేదు. చేపలు పంపే థర్మాకోల్ పెట్టెలు మూడు తెచ్చి, మూతల బదులు దోమతెర కట్టారు. వెనకాల గూడబాతులు నీళ్ళ మీదికి దిగుతున్నాయి. ఎవరూ తిరిగి చూడలేదు.

మధ్యాహ్నం దాటేసరికి చేతులు జిల్లేడు పాలతో జిగురెక్కాయి. తొంభై ఆరు పురుగులు, ఆకుపచ్చ పూసల్లాంటి ప్యూపాలు అయిదు దొరికాయి. నేను రాశాను. మొక్క నంబరు అని ఉన్న గడి ఖాళీగా వదిలేయమంది షాహీన్. ఏది ఏ మొక్కదో ఇక తెలియదు. ఆ గడి వదిలేస్తూ తొంభై ఆరు వరసలు రాయడం నేను చేసిన పనుల్లో కష్టమైనది.

మంగతాయారు గారు కొరమీను పులుసు పెట్టారు. మా వైపు చేప అంటే పండగ, ముల్లు తీయడం అలవాటు తక్కువ. రెండో ముద్దలో గొంతులో దిగింది. ఉత్తి అన్నం ముద్ద మింగించి, వీపు నిమిరి, "అయ్యో, పాము నుంచి కాపాడి చేపకి అప్పజెప్పామండీ" అన్నారు ఆవిడ. షాహీన్ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ఉంగుటూరు

తొంభై ఆరు పురుగులకి ఆకు కావాలి. అవి తినడం చూస్తే ఆవులు నయం. చుట్టుపక్కల గట్లన్నీ మర్యాదగా కొట్టేసి ఉన్నాయి. మూడో రోజు సూర్యనారాయణ గారు చేపలు వేసే చిన్న ట్రక్కులో మమ్మల్నీ పెట్టెల్నీ ఎక్కించుకుని జిల్లేడు వెతుక్కుంటూ బయల్దేరారు. చేపల ట్రక్కుకి వాసన ఉంటుంది. అంతకంటే చెప్పను.

ఉంగుటూరు దగ్గర కాలవ గట్టున జిల్లేళ్ళు కనిపించాయి. నిలువెత్తు, దట్టంగా, పూలతో. షాహీన్ కత్తెర తీసింది. ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న సుబ్బలక్ష్మి గారు పరుగున వచ్చారు.

"ఏవండీ, ఏవండీ! ఆదివారం నాడు జిల్లేడు కొయ్యకూడదండి, సూర్యుడి చెట్టు కదండీ!"

మాకు అది ఆదివారమని గుర్తే లేదు. సూర్యనారాయణ గారు బతిమాలారు. షాహీన్ పెట్టె తెరిచి పురుగుల్ని చూపించింది. సుబ్బలక్ష్మి గారు వంగి చూశారు.

"ఆకలిగా ఉన్నాయాండి?"

"ఉన్నాయండి."

"అయితే కొయ్యడమెందుకండీ? వాటినే చెట్టు మీద పెట్టండి. తింటాయి. నేను వద్దన్నది కొయ్యడం కదండీ, తినడం కాదు."

షాహీన్ కత్తెర వైపు, పెట్టె వైపు, చెట్ల వైపు చూసింది. కిందటి రాత్రంతా ఆమె ఈ పురుగుల్ని ఇంట్లో ఎలా పెంచాలా అని లెక్కలు వేసింది. రోజుకి ఎన్ని ఆకులు, ఎన్ని పెట్టెలు, ఎవరు తెస్తారు అని. ఈ మాట తట్టలేదు. నాకూ తట్టలేదు. మాకిద్దరికీ కలిపి నాలుగు డిగ్రీలున్నాయి.

ఒక్కో మొక్క మీద రెండు, మూడు చొప్పున వదిలాం. కాళ్ళు తగలగానే అవి తల దించి తినడం మొదలుపెట్టాయి, ప్రయాణం ఎలా జరిగిందని కూడా ఆలోచించకుండా. సుబ్బలక్ష్మి గారు టీ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. "ఎవరైనా కొయ్యడానికి వస్తే చెప్తానండి, సోమవారం కూడా కుదరదని," అన్నారు.

అక్కడి నుంచే షాహీన్ తన గైడుకి ఫోన్ చేసింది. చాలాసేపు విన్నది. పెట్టేసి, "ఇంకో ఏడాది చేయాలి ఆంటీ," అంది. ఇంకో ఏడాదంటే ఫెలోషిప్ అయిపోయిన తర్వాతి ఏడాది. పక్కనే నిలబడ్డ సూర్యనారాయణ గారు అదంతా విన్నారు. కాలవలోకి చూపు తిప్పుకున్నారు. నేను టీ తాగాను. చల్లారిపోయింది.

"కొట్టిన జిల్లేడు చావదండి," అంది షాహీన్, ఆయన వైపు తిరిగి. "మోడు నుంచి మళ్ళీ చిగురేస్తుంది. లేత చిగురంటే వాటికి ఇంకా ఇష్టం. మీరు మళ్ళీ కొట్టించకుండా ఉంటే చాలు."

"కొట్టించనండి," అన్నారాయన.

తాడేపల్లిగూడెం

సాయంత్రం సూర్యనారాయణ గారు మమ్మల్ని ఈ ఊళ్ళో దింపి వెళ్ళారు. దిగగానే ఉల్లిపాయల వాసన. మార్కెట్ దాటి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన పాత రన్‌వే పక్కకి వెళ్ళాం. ఇప్పుడక్కడ విమానాలు లేవు, పొద్దున నడిచేవాళ్ళున్నారు. సిమెంటు పగుళ్ళలోంచి జిల్లేడు మొలిచింది. షాహీన్ రెండో చోటు ఇదే. ఇక్కడెవరూ మర్యాద చేయలేదు కాబట్టి అన్నీ ఉన్నాయి.

నాలుగో రోజు ఉదయమంతా ఆమె వల తిప్పింది, నేను రాశాను. ఒకచోట నేనే స్వయంగా ఒకటి గుర్తుపట్టి, గర్వంగా రాసి, ఆమెకి చూపించాను. ఆమె చూసి కొట్టేయమంది. అది వేరే జాతిదట. గంగపాయల కూర తిని పెరిగే అమాయకురాలు, విషం ఏమీ లేదు, పిట్టల్ని భయపెట్టడానికి జిల్లేడు తిన్నదాని వేషం వేసుకుని తిరుగుతుంది. పిట్టల్ని మోసం చేసేది నన్ను చేయకుండా ఉంటుందా.

ఒకాయన నడక ఆపి, ఏం పడుతున్నారని అడిగి, చెబితే, "వీటివల్ల ఉపయోగం ఏంటండీ?" అన్నారు.

షాహీన్, "అది కూడా తెలీదండి, ముందు ఎన్నున్నాయో చూస్తున్నాం," అంది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయారు.

అయిదు ప్యూపాల్ని మాతోనే తెచ్చుకున్నాం. వాటిలో ఒకదాని ఆకుపచ్చ కిందటి సాయంత్రమే మాసి, లోపల నారింజ రంగు మసగ్గా కనిపించింది. తొమ్మిది గంటలప్పుడు అది చీలింది. తడిసిన గుడ్డపేలికలాంటిది బయటికొచ్చి, ఖాళీ పెంకుని పట్టుకుని వేలాడింది. ఎవరో చేతితో ముడత తీసినట్టు రెక్కలు కొద్దికొద్దిగా కిందికి దిగాయి. నేను చెప్పిన పాఠాలన్నిటిలోనూ ఇది మూడో పేరాలో ఒక వాక్యం.

రెక్కలు బాగా ఆరేదాకా రెండు గంటలు ఆగాం. అప్పుడు షాహీన్ దాన్ని పట్టుకుని మార్కరు నాకిచ్చింది.

"మీరు రాయండి ఆంటీ."

"నాకు వద్దమ్మా. నా వల్లే కదా ఇదంతా."

"అందుకే రాయండి."

రాశాను. వదలగానే అది కాసేపు ఆమె మణికట్టు మీద కూర్చుని, రన్‌వే వెంబడి తక్కువ ఎత్తులో, ఏ తొందరా లేకుండా పోయింది. ఎటు పోయిందని షాహీన్ అడిగింది. దిక్కు రాయాలట. నాకు కళ్ళు సరిగా కనబడలేదు. జిల్లేడు పాలు పడలేదు, వేరే కారణం. ఆమే రాసుకుంది.

తర్వాత

అనంతపురం వచ్చి నెల దాటింది. మొన్న మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్.

"టీచర్ గారండీ, నేనండి, సూర్యనారాయణనండి. అమ్మాయి గారు ఎత్తట్లేదండి, అందుకని మీకు చేశాను. గట్టు మీద చిగుళ్ళు వచ్చాయండి. జానెడు. ఇందాక ఒకటి వచ్చిందండి. చిగురు మీద వాలి, తోక వంచి, గుడ్డు పెట్టి పోయిందండి. ఒక్కటే పెట్టిందండి. మిగతావి ఎప్పుడు పెడుతుందండీ?"

"మిగతావి వేరేచోట్ల పెడుతుందండి. ఒక్కోచోట ఒక్కటే."

"ఒక్కటేనాండి? మా చేపలు లక్షల్లో పెడతాయండి."

"దీని పద్ధతి అదేనండి."

వెనక ఎక్కడి నుంచో మంగతాయారు గారు అన్నానికి రమ్మని పిలుస్తున్నారు.

"దానికి నంబరు ఉందాండి, రెక్క మీద?" అని అడిగాను.

"చూశానండి. లేదండి. ఎక్కడి నుంచో వచ్చిన కొత్తదండి." గొంతు తగ్గించి, "ఉంటానండి టీచర్ గారూ, నా నీడ ఆ గుడ్డు మీద పడుతోంది," అన్నారు.